కొండదారిలో దింపుడు కళ్లం

"నువ్వు కూర్చోమ్మా జయంతీ. ఈ మూడ్రోజులూ వంటింట్లోకి రాకు. అన్నీ నేను చూసుకుంటాగా."

రాధారాణి ఆ మాట అని జయంతి చేతిలోంచి కత్తి తీసేసుకుంది. ఉల్లిపాయలు ఇంకా తరగనే లేదు, జయంతికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఆమెను కూర్చోమన్నవాళ్ళు ఎవరూ లేరు, ఒక్క పళ్ళ డాక్టరు తప్ప. అత్తగారు అమెరికా వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు చుట్టాలందరికీ ఫోన్లో మురిసిపోతూ చెప్పేది, "మా కోడలికి ఖాళీగా ఉండటం చేతకాదమ్మా" అని. చేతకాకపోవడం కాదు, ఆ ఖాళీని ఎవరూ చేతికి ఇవ్వలేదు. పగలు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు టైపు చేస్తుంది. పేరు పొడుగైందని అక్కడి సూపర్‌వైజరు ఆమెను 'జే' అని పిలుస్తుంది. ఎవరి పుట్టినరోజు పార్టీ అయినా చివర్లో కాఫీ కుండ కడిగేది జే. ఇంటికొస్తే వంట, కూతురు మీనా హోంవర్కు, భర్త దామోదర్ చొక్కాల ఇస్త్రీ. "రోజంతా టైపింగే కదా, అందులో అలసట ఏముంది?" అంటాడు దామోదర్, నిజంగానే అర్థం కానట్టు. అందుకే ఆ 'కూర్చోమ్మా' అన్న ముక్కకి జయంతి బాత్రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కాసేపు ఏడ్చి వచ్చింది. సంతోషంతోనే.

అది ఎనభై నాలుగు అక్టోబరు. సోమవారం కూడా సెలవు కలిసొచ్చింది. ఆల్బకర్కీ నుంచి మూడు గంటలు ఉత్తరంగా డ్రైవ్ చేస్తే, కొండల నడుమ స్పానిష్ మాట్లాడే పాత పల్లెలు వస్తాయి. మట్టి ఇళ్ళు, చూరులకి వేలాడగట్టిన ఎర్ర మిరపకాయల దండలు, పక్కన ఏటికాలువ. అక్కడ ఒక ముసలావిడ దగ్గర రెండు కుటుంబాలకీ కలిపి ఈ క్యాబిన్ బుక్ చేశారు. శ్యామ్‌సుందర్ దామోదర్‌కి ఆఫీసులో పైవాడు. గ్రూప్‌లీడ్ ఎవరన్నది వచ్చే నెలలో తేల్చేది ఆయనే. రాధారాణి ఆయన భార్య. కాబట్టి ఈ ప్రయాణాన్ని దామోదర్ పరీక్షకి కూర్చున్నట్టే తీసుకున్నాడు. వారం ముందు నుంచీ మ్యాపులు, టార్చిలైట్లు, లిస్టులు.

జయంతి మాత్రం కొండల కోసం వచ్చింది. ఆమె తల్లి పాడేరు ఏజెన్సీలో నర్సమ్మ. టీకా మందుల ఫ్లాస్కు భుజాన వేసుకుని, కొండెక్కి ఒక గూడెం, దిగి ఒక గూడెం తిరిగేది. సెలవుల్లో జయంతినీ వెంట తీసుకెళ్ళేది. పిల్ల వాగుడు భరించలేక ఒకటే మాట అనేది, "ఎక్కేటప్పుడు మాట్లాడకే, ఆయాసం వస్తది. దిగేటప్పుడు చెబుదువుగాని, అంతా వింటాను." అన్నట్టే దిగుతున్నంతసేపూ వినేది. తల్లిని చూసి జయంతికి ఆరేళ్ళయింది. ఒక ఏడాది మీనా చిన్నదని, ఒక ఏడాది ఇల్లు కొన్నామని, పోయిన ఏడాది గ్రీన్‌కార్డు పనుందని, "వచ్చే సమ్మర్‌కి చూద్దాంలే" అన్నాడు దామోదర్. ఆ వచ్చే సమ్మర్ వస్తూనే ఉంది. జయంతి హ్యాండ్‌బ్యాగులో సగం రాసిన నీలం ఉత్తరం ఉంది. 'అమ్మా, శనివారం కొండెక్కబోతున్నాను. మన పాడేరు కొండల్లాగే ఉంటాయట. దిగాక మిగతాది రాస్తాను.'

ఈ ప్రయాణంలో అంతా వింతగా మంచే జరుగుతోంది. బయల్దేరే ముందు దామోదర్ తనంతట తాను షాపుకి తీసుకెళ్ళి, కొండలెక్కే బూట్లు కొనిపెట్టాడు. అడక్కుండా ఆయన కొనిచ్చిన మొదటి వస్తువు అది. రాధారాణి అయితే పళ్ళెంలో అన్నం వడ్డించి గుమ్మం దాకా తెచ్చి ఇస్తోంది. ఒకటి రెండు చోట్ల మనసు చివుక్కుమనకపోలేదు. గురువారం సాయంత్రమంతా నిలబడి చేసిన చేగోడీల డబ్బా కార్‌లోంచి దిగనే లేదు, "తర్వాత తిందాంలే అమ్మా" అంది రాధారాణి. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి, మీనాకి బొట్టు పెట్టి, క్యాబిన్ల ముసలావిడని కూడా పిలిచి అరటిపండిచ్చి, జయంతిని మాత్రం మర్చిపోయింది. పోనీలే, అంత పనిలో మర్చిపోయి ఉంటుంది. శనివారం పొద్దున్న బయల్దేరేటప్పుడు, "రాధారాణిగారు ఎంత మంచావిడండీ!" అంది జయంతి. దామోదర్ బూట్ల లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండా "ఊ" అన్నాడు.

దారి ఏటి వెంబడే మొదలై దేవదారు చెట్లలోకి ఎక్కింది. మధ్యమధ్య ఆస్పెన్ చెట్ల గుంపులు, పసుపు ముద్దల్లాంటి ఆకులు. అన్నం గిన్నెల సంచి రాధారాణి మోస్తోంది, నీళ్ళు మగవాళ్ళు మోస్తున్నారు. జయంతి చేతిలో ఏమీ లేదు. ఉత్త చేతులు ఊపుకుంటూ నడవడం ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఆయాసం వస్తే నిలబడింది, లోయలోకి చూసింది, మళ్ళీ ఎక్కింది. ఒక్క మాటా మాట్లాడలేదు. అన్నీ దాచుకుంది, దిగేటప్పుడు అమ్మకి ఎలా రాయాలో వరస కట్టుకుంటూ.

రెండు గంటలు ఎక్కాక దారి పక్కన ఒక చెక్క శిలువ కనిపించింది. చుట్టూ గులకరాళ్ళ కుప్ప, వెలిసిపోయిన ప్లాస్టిక్ పువ్వులు.

"ఇదే నిన్న ముసలావిడ చెప్పింది," అన్నాడు శ్యామ్‌సుందర్. "ఈ స్పానిష్ వాళ్ళు పాతరోజుల్లో శవపేటికని భుజాల మీద మోసుకెళ్తూ, అలసిపోయిన చోట దింపి ఇలా గుర్తు పెట్టేవాళ్ళట. దారినపోయేవాళ్ళు ఒక రాయి వేసి దండం పెట్టుకోవాలట."

"అంటే మన దింపుడు కళ్లమే అన్నమాట!" దామోదర్ హుషారుగా అన్నాడు. పైవాడి ముందు ఆయన హుషారెప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది.

"వాట్స్ దట్, డాడీ?" అంది మీనా. దానికి తొమ్మిదేళ్ళు.

"శ్మశానానికి తీసుకెళ్తూ దారిలో పాడెని ఒకసారి కిందికి దింపుతారమ్మా. చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా ఉందేమో, పలుకుతారేమోనని లాస్ట్ హోప్. పలికితే ఇంటికి తీసుకొచ్చేస్తారు. మూడుసార్లకీ పలక్కపోతే, ఇక ఆ మనిషి తిరిగి ఇంటికి రాదని అర్థం."

"ఎవరైనా పలికారా ఎప్పుడైనా?"

"ఏమో, నన్నెవరూ పిలవలేదుగా!" అని నవ్వాడు. శ్యామ్‌సుందర్ నవ్వలేదు. రాధారాణి దుప్పటి పరుస్తూ మొహం తిప్పుకుంది.

అందరూ అక్కడే భోజనానికి కూర్చున్నారు. రాధారాణి ఒక్కతే అందరికీ వడ్డిస్తుంటే చూస్తూ కూర్చోవడానికి జయంతికి మనసొప్పలేదు. అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా. ముందుకి వంగి పెరుగన్నం గిన్నె మూత తీయబోయింది.

"ముట్టుకోకు!"

రాధారాణి గిన్నెని అంత దూరం లాగేసింది. చెంచా ఎగిరి రాళ్ళలో పడింది. జయంతికి అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వంటింట్లోకి రాకు. గుమ్మం దగ్గర పళ్ళెం. కార్‌లోనే ఉండిపోయిన చేగోడీలు. పెట్టని బొట్టు. రాధారాణి మనుషుల్ని దూరంగా పెట్టేది మూడింటికేనని వాళ్ళ కాలనీలో ఆడవాళ్ళందరికీ తెలుసు. నెలసరి, పురుడు, చావు. జయంతికి మొదటిది కాదు. ఇంట్లో పురుడు లేదు.

"ఎవరు?" అంది జయంతి.

శ్యామ్‌సుందర్ నీళ్ళ సీసా మూత బిగించిందే మళ్ళీ బిగిస్తున్నాడు.

"ఏవండీ, ఎవరు?"

"సోమవారం చెబుదామనుకున్నాను," అన్నాడు దామోదర్. "గురువారం ఆఫీస్‌కి రవికుమార్ ఫోన్ చేశాడు. బుధవారం పొద్దున్నట. హార్ట్ ఎటాక్. నొప్పి కూడా తెలీలేదట జయంతీ."

రవికుమార్ ఆమె తమ్ముడు. పాడేరులో అమ్మతోనే ఉంటాడు. 'మీ అమ్మ' అన్న మాట దామోదర్ నోటివెంట రాలేదు.

"ప్రాక్టికల్‌గా ఆలోచించు. నువ్వు వెంటనే ఫ్లైట్ ఎక్కినా అందుకోలేవు. అదే రోజు అన్నీ కానిచ్చేశారట. క్యాబిన్ బుక్ అయిపోయింది, అందరం ప్లాన్ చేసుకున్నాం. ఎలాగూ చేసేదేం లేనప్పుడు, మూడ్రోజులు ముందు ఏడిస్తే ఏంటి, తర్వాత ఏడిస్తే ఏంటి?"

"చెప్పేయమని నేనన్నానమ్మా," అంది రాధారాణి. "పెళ్ళయిన కూతురికి మూడు రోజులే మైల. రేపు పొద్దున్న తలకి పోసుకున్నావంటే తీరిపోతుంది. అప్పుడు అందరం కలిసి తినొచ్చు."

ఆవిడ ప్రేమగానే అంది. అదే జయంతికి భరించరానిదైంది. గురువారం సాయంత్రం తను పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తూ చేగోడీలు వేయిస్తోంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ఒకటి నోట్లో వేసుకుని, "కాస్త కారం ఎక్కువ వెయ్యి, శ్యామ్‌సుందర్‌గారు కారం తింటారు" అన్నాడు. అప్పటికే ఆయనకి తెలుసు. నోట్లో చేగోడీ నములుతూ, తన పాట వింటూ, తెలిసి నిలబడ్డాడు. మర్నాడు బూట్లు కొన్నాడు. కాలికి సరిపోయాయా అని వంగి నొక్కి చూశాడు. ఇందాక దింపుడు కళ్లం గురించి కూతురికి కథ చెప్పి నవ్వాడు, తన అత్తగారిని మూడు రోజుల కింద అలాంటి చోటే దింపారని తెలిసి. అమ్మ పోయిందన్న దుఃఖం ఇంకా పూర్తిగా రానే లేదు. దానికంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. అంటు తగలకుండా అవతల కూర్చోబెడితే, దాన్ని ఆదరణ అనుకుని కుళాయి తిప్పుకుని మురిసి ఏడ్చిన తన మీద తనకే జాలేసింది.

ఆమె లేచి శిలువ దగ్గరికి వెళ్ళింది. ఆడవాళ్ళని శ్మశానం దారి తొక్కనివ్వరు. తండ్రి పోయినప్పుడు గుమ్మం దగ్గరే ఆపేశారు. రవికుమార్ పిలిచి ఉంటాడు అమ్మని. తన వంతు మిగిలిపోయింది. జయంతి ఒక రాయి తీసి కుప్ప మీద పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెవి దగ్గరికి వంగినట్టే వంగింది.

"అమ్మా."

పసుపు ఆకులు గలగలమన్నాయి.

"అమ్మా."

"అమ్మా, నేనే. జయంతిని."

ఎవరూ పలకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. కొండ వినేటట్టు, పైవాడు వినేటట్టు, పైవాడి పెళ్ళాం వినేటట్టు ఏడ్చింది. దామోదర్ "జయంతీ, ప్లీజ్, అందరూ ఉన్నారు" అన్నాడు. మీనా వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. మైల సంగతి దానికి తెలియదు. ఆ చిన్న చెయ్యి అక్కడ ఉన్నంతసేపు ఉండనిచ్చింది జయంతి. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది.

"నాన్నతో ఉండమ్మా. నేను కిందికెళ్ళి ముసలావిడ ఇంట్లోంచి ఫోన్ చేస్తాను. మామయ్యతో మాట్లాడాలి. పెద్దకర్మకి వెళ్తున్నానని చెప్పాలి."

"అదంతా సోమవారం కూర్చుని డిసైడ్ చేద్దాం," అన్నాడు దామోదర్. "ఇంకో గంటలో పైకెళ్ళిపోతాం. వ్యూ బావుంటుందట."

జయంతి అప్పటికే దారి పట్టింది. కొత్త బూట్లు, దిగుడు, కాలు జారుతోంది. అయినా ఆగలేదు. ఎక్కేటప్పుడు దాచుకున్నవన్నీ ఇప్పుడు చెప్పాలి. అమ్మా, విను, అని మొదలుపెట్టింది పైకే. ఇక్కడి చెట్లు మన కొండల మీది చెట్లలా ఉండవే. ఇళ్ళు మాత్రం అచ్చం మనవే, ఎర్రమట్టి పూతలు. మీనాకి ముందు పళ్ళు వచ్చేశాయి. నీ కాళ్ళ వాపు ఎలా ఉందని అడగడమే మర్చిపోయాను పోయిన ఉత్తరంలో. నన్ను ఇక్కడ జే అంటారు.

"జయంతీ!" పైనుంచి దామోదర్ పిలిచాడు. అది నలుగురి ముందు పిలిచే గొంతు.

ఆమె అమ్మతో మాట్లాడుతూనే ఉంది.

"జయంతీ!" ఇది ఇంట్లో పిలిచే గొంతు. పదకొండేళ్ళుగా, ఏ పని మీద ఉన్నా "ఆఁ, వస్తున్నా" అని పలికించిన గొంతు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ "ఆఁ"ని జయంతి మింగేసింది.

"జయంతీ..." మూడోసారి ఆ గొంతులో భయముంది.

ఆమె పలకలేదు. మూడుసార్లకీ పలక్కపోతే ఏమిటి అర్థమో, ఇందాక కూతురికి విడమరిచి చెప్పింది ఆయనే.