పైడయ్య నుయ్యి

ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు ఖాళీ చేసిన కొన్నేళ్లకు, ఆ ఊరి జ్ఞాపకాలు భద్రపరుస్తామంటూ కాలేజీ వాళ్లు ఒక సినిమా తీశారు. ఎనభై రెండులో దాన్ని కాలేజీ హాల్లో వేస్తూ నన్నూ మా బావ నీలకంఠాన్నీ ముందు వరసలో కూర్చోబెట్టారు. సినిమాలో ఎక్కువసేపు కనిపించేది నేనే మరి. దొరబాబు కోతలు మొదలెడితే వరిచేను కూడా కొడవలి అక్కర్లేదని పడుకుంటుందని నా గురించి మా ఊళ్లో అనేవారు.

తెర మీద నేను చుట్ట కాలుస్తూ చెబుతున్నాను: "మా ఊరి నుయ్యి తవ్వినోడు మా అయ్యే. గునపంతో ఒక్క పోటు పొడిసేడు. నీళ్లు తాడిసెట్టంత లేసినాయి. మూడు కొర్రమీన్లు ఎగిరొచ్చి మాయమ్మ పొయ్యిమీద దాకలో పడినాయి."

హాలంతా పకపకలు. నేనూ నవ్వబోతుంటే సినిమాలోనే వ్యాఖ్యానం చెప్పే గంభీరమైన గొంతు అందుకుంది: 'ఈ బావిని తవ్విన అప్పలసామి గారికి ఈ చిత్రం అంకితం.'

చేపల్ని కోతలని కొట్టేసి, మా నాన్నను మాత్రం నిజమని ఉంచారు!

ఆ నుయ్యి తవ్వింది నీలకంఠం తండ్రి పైడయ్య. నీళ్లు పడిన రోజే గట్టు విరిగి మీద పడి చనిపోయాడు. ఊళ్లోకి కాపురానికొచ్చిన ప్రతి కోడలూ మొదటి బిందె ఆయన పేరు చెప్పి నేలన పోసేది. మా నాన్న గునపం పట్టగా చూసినవాడు లేడు. ఊళ్లో నేను ఈ కోత కోస్తే ముందు నవ్వేది నీలకంఠమే. అసలు సంగతి తెలియనివాడు అక్కడ ఎవడు గనక? ఇప్పుడు ఆ నుయ్యి ఫ్యాక్టరీ గోడ లోపల పూడిపోయింది.

నీలకంఠం నా వైపు తిరగకుండానే అడిగాడు. "మరి మా అయ్య ఏడి బావా?"

దిగ్గున లేచాను. "ఆపండమ్మా! అది అబద్ధం!"

సినిమా తీసిన లెక్చరర్ జయశీల మొహం పాలిపోయింది. "చేపల మాటే సరదాకి అన్నారనుకున్నాం తాతగారూ. కాపీ హైదరాబాదు పంపేశాం, ఇక మార్చలేం." గబగబా మైకు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నుయ్యి తవ్వినోడు పైడయ్య. నీళ్లు పడిన రోజే దాన్లో సచ్చిపోనాడు," అన్నాను.

ఇదీ నా కోతే అనుకుని వెనక బెంచీలు గొల్లున నవ్వాయి. "సేపలేయి తాతా?" అని ఎవడో అరిచాడు.

నీలకంఠం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "మల్లీ సెప్పు బావా. ఆల్లు నవ్వడం మానేదాకా సెప్పు."

చెప్పాను. నవ్వారు. మళ్లీ చెప్పాను. మూడోసారికి, ముందు వరసలో ఒక పిల్ల నవ్వు ఆపేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.