నవమినాటి తుప్పు

నేను ఒక ఉలిని. పుట్టింది జపాన్‌లో, ఒక ముసలి కమ్మరి కొలిమిలో. మెత్తని ఇనుముకు పలుచని గట్టి ఉక్కు అతికించి నన్ను సాగగొట్టాడాయన. కోసేది ఉక్కు, అది దెబ్బకు విరగకుండా కాచేది ఇనుము. సంసారాలూ ఇలాంటి జతలతోనే నిలుస్తాయని తరవాత నాలుగిళ్లు చూశాక తెలిసింది. నా వీపున చిన్న పల్లం ఉంటుంది. సాన మీద వీపు తొందరగా చదును కావడానికే అది. తెలియనివాళ్లు చూసి పనివాడి పొరపాటనుకుంటారు.

నన్ను కొన్న వడ్రంగి ముప్ఫై ఏళ్లు వాడి కన్నుమూశాడు. కొడుకు ఇషిదా ఇంజనీరు. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వస్తూ తండ్రి గుర్తుగా నన్నూ తెచ్చుకున్నాడు. నెలకోసారి నూనె రాసి మళ్లీ గుడ్డలో చుట్టేవాడు. పని మాత్రం చెప్పేవాడు కాదు. మనుషుల ప్రేమ ఒక్కోసారి అంతే. ఆకలి అడగరు, దుప్పటి కప్పుతారు.

వానలకు అతని అద్దె ఇంటి తలుపు ఉబ్బితే బాగుచేయడానికి ఆ ఊరి వడ్రంగి మునస్వామాచారి వచ్చాడు. అల్మారాలో నన్ను చూసి చేతిలోకి తీసుకున్నాడు.

“సార్, ఇది ఇట్టా పండుకోబెట్టే సరుకు కాదు.”

మూడేళ్లలో తెలుగు పట్టుబడ్డ ఇషిదా నవ్వాడు. “అయితే మీరు వాడండి. దసరా రోజు నేను మా దేశం వెళ్లిపోతున్నాను. అప్పుడు ఇవ్వండి.”

ఆ ఆరు వారాలు కడుపునిండా టేకు తిన్నాను. అందుకు ఆచారికి రుణపడ్డాను.

మహర్నవమి వచ్చింది. ఆ రోజు వాళ్లింట పనిముట్లకు సెలవు, పూజ. ఆచారి భార్య పేరిందేవమ్మ ఇత్తడి చెంబులతో పాటు మమ్మల్నీ చింతపండుతో తోమి, తడి పసుపు పూసి, కుంకుమ పెట్టి అమ్మవారి ముందు పేర్చింది. మర్నాడు హారతి ఇచ్చేదాకా ఎవరూ కదపకూడదు. నాకు బొట్టు పెట్టినవాళ్లు అంతకుముందు లేరు. పొంగిపోయాను. తెల్లారేసరికి పసుపు కింద ఎర్రగా తుప్పు. పదును అంచున మూడు చిన్న గుంటలు.

“ఏందే ఇది! సాయంత్రం ఆయన బండెక్కతాడు. వాళ్ల నాయన సొత్తే ఇది!” ఆచారి తల పట్టుకున్నాడు.

“తల్లి ముందర పెట్టినాను గదయ్యా, తుప్పెట్టా పట్టింది?”

“తల్లికి నీ భక్తి తెలుసు. ఇనుముకి నీళ్లే తెలుసు.”

అతని చూపు కరెంటు సాన మీద పడింది. దాని మీద పెడితే గుంటలు నిమిషంలో పోతాయి. కానీ నా ఉక్కు వేడెక్కి నీలంగా కమిలి, ఇక జన్మలో పదును నిలవదు. నా ప్రాణం దాని స్విచ్చి దగ్గర ఉంది. పేరిందేవమ్మ మొగుడి మణికట్టు పట్టుకుంది.

“దాచేదానికి చేసే పని పండగ పూట వద్దు. తీసుకుపోయి చూపించు. నేనూ వస్తా. తిడితే నా వాటా నేను తింటా.”

ఇషిదా ఇంట్లో పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆచారి రెండు చేతులతో నన్ను చాచాడు. “సార్, తప్పు మాదే.”

ఇషిదా గుంటల మీద వేలు పెట్టి చూశాడు. తిట్టలేదు. “మా ఊళ్లోనూ కొత్త సంవత్సరానికి పనిముట్ల ముందు నైవేద్యం పెడతారు. మా నాన్న అయితే, ముందుగా వాటికి నూనె రాసేవాడు.”

“మీ దేవుడికి నూనె సంగతి తెలుసన్నమాట. మా తల్లికి మేమే చెప్పాల,” అంది పేరిందేవమ్మ.

ఇషిదా ఒక పెట్టె విప్పి, తన తండ్రి వాడిన నీటి సాన తీశాడు. ఇద్దరూ వంతులవారీగా నన్ను రుద్దారు. గుంటలు పోయాయి. కానీ అంచు అరిగి అరిగి వీపు పల్లం దాకా వచ్చింది. మధ్యలో పదునే లేదు. దానికి ఒకటే మందు: ముందువైపు ఇనుము మీద సుత్తి మూలతో మెల్లగా తట్టి, ఉక్కును వెంట్రుకవాసి వీపు వైపుకు వంచాలి. దెబ్బ జారి ఉక్కు మీద పడిందా, నేను రెండు ముక్కలు.

“ఇది నాన్న చేసేవాడు. నాకు భయం. మీరు కొట్టండి ఆచారి గారూ.”

ఆచారి సంచిలోంచి ఇనప దిమ్మ తీసి నా వీపు దాని మీద ఆనించాడు. సుత్తి మాత్రం ఇషిదా చేతిలో పెట్టాడు.

“మీ నాయన ఉలి, మీ చేత్తోనే సార్. నేను పట్టుకుంటా. చీమ మీద అక్షింతలేసినట్టు కొట్టండి.”

“పగిలితే?”

“పగిలితే ఇద్దరం కూచోని ఏడుద్దాం. కొట్టకపోతే మాత్రం, ఇదేమన్నా బతికున్నట్టా?”

మొదటి దెబ్బ నాకు తెలియనే లేదు. అంత భయం ఆ చేతిలో. పదో దెబ్బకు తెలిసింది. ఇరవయ్యో దెబ్బకు లోపల ఉక్కు కదిలింది. మళ్లీ సాన మీద పెడితే ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లని పదును గీత. ఇషిదా ఒక చెక్కముక్క మీద నన్ను నడిపాడు. లేచిన పొరను పేరిందేవమ్మ వెలుగుకు ఎత్తి చూసింది. “నా దోసె కన్నా పల్చగుండాది!”

ఇషిదా నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగి జపాన్ చేరాక ఇషిదా ఆదివారాలు నాకు పని చెబుతున్నాడు. మొదట చెప్పుల అర చేశాడు, వంకరగా వచ్చింది. రెండోదీ వంకరే, కాస్త తక్కువ. సాన పట్టిన ప్రతిసారీ నేను కొంచెం పొట్టి అవుతున్నాను. బాధ లేదు.

ఆ తుప్పు అమ్మవారి దయా, చింతపండు పులుపా? ఇనుప ముక్కను కదా, నాకు తేలదు. ఏదైనా సరే, దండం పెట్టుకుంటాను. ముప్ఫై ఏళ్లు పెద్దాయన అరచేతిలో, బొటనవేలి మొదట్లో పని చేసి గట్టిపడ్డ ఒక కాయ నా పిడికి తగిలేది. మొన్న అదే చోట కొడుకు చేతిలో తగిలింది. ఇంకా లేతగానే ఉంది.