పొగ రాని కట్టె

పొగే రాలేదట, అదే మాట, పెళ్లై ఇరవై మూడు రోజులైనా ఈ బుఖారా పాత పేటలో ఎవరి గుమ్మం ముందు ఆగినా అదే మాట, నీ పెళ్లి పలావు ఏం పలావమ్మా, కింద కట్టె ఏం కట్టె, చుక్క పొగ లేకుండా ఎర్రగా మండింది అని, రొట్టెలు కాల్చే మస్తోన్ అత్త ఇప్పుడు కూడా అదే అంటోంది, మఫ్తునా కొత్త కోడలు గనక గుండెల మీద చెయ్యి పెట్టుకుని మూడుసార్లు వంగి సలాం చేస్తోంది, వంగినప్పుడల్లా కొత్త జూకాలు బుగ్గలకి తగిలి చల్లగా చక్కిలిగింత పెడుతున్నాయి, నిన్నటిదాకా ఆ చక్కిలిగింతకే నవ్వొచ్చేది, ఇవాళ మాత్రం రావడం లేదు, ఎందుకంటే పక్కనే అత్తగారి చిన్ననాటి నేస్తం మజోల్ ఖోలా, అంటే మజోల్ పిన్ని, నిలబడి కళ్లు మూసుకుని వేడి రొట్టె వాసన పీలుస్తోంది, తను పుట్టిన పేటని యాభై మూడేళ్ల తర్వాత ఒక్క రోజు, హోటల్లో దిగిన వాళ్లలా కాకుండా ఇక్కడి మనిషిలా తిరిగి చూసుకోవాలని వచ్చింది, ఆ పలావు కింద పొగ లేకుండా మండింది ఈవిడ పుట్టింటి ద్వారబంధం.

తెలియదు, అల్లా మీద ఒట్టు, నిన్న పొద్దుగూకేదాకా మఫ్తునాకి తెలియదు, పిండి పిసుకుతూ పిసుకుతూ అత్తగారు ముకద్దస్ చేతులు ఆపేసి, పిల్లా, రేపు మజోల్ వస్తోంది, ఆ తలుపు చూడ్డానికే వస్తోంది, ఇప్పుడెట్లాగే అని ఆ పిండి చేతులతోనే మొహం కప్పుకునేదాకా తెలియదు, ఏ తలుపత్తా అంటే నీ గది తలుపే, మజోల్‌కి ఏడేళ్లప్పుడు వాళ్ల యూదుల కుటుంబం ఈ ఇల్లు మా నాన్న చేతుల్లో పెట్టి దేశం దాటిపోయింది, ద్వారబంధం కుడి చెక్కకి వేలెడంత గాడి ఉండేది, అందులో వాళ్ల దేవుడి మాట రాసిన తోలు చుట్ట పెట్టుకునేవాళ్లు, వస్తూ పోతూ దాన్ని ముట్టుకుని వేళ్లు ముద్దు పెట్టుకునేవాళ్లు, పోతూ చుట్ట పట్టుకుపోయారు, గాడి మనకి మిగిలింది, మూడేళ్లుగా ఫోన్లో కనిపించినప్పుడల్లా అదొకటే అడుగుతుంది, ముకద్దస్, గాడి ఉందా అని, ఉందే, ఎక్కడికి పోతుంది అని నేనూ అంటూనే ఉన్నాను, పెళ్లయ్యాక కూడా అన్నాను, నిజం చెప్పడానికి నోరు రాలేదే, అంది, మిగతాది ఆవిడ చెప్పక్కర్లేదు, పెళ్లికి ముందు మార్గిలాన్‌లో పుట్టింటి అరుగు మీద కూచుని, కాబోయే మొగుడు ఇల్హోం ఫోన్లో పంపిన నాలుగు తలుపుల బొమ్మల్లోంచి మీగడ రంగు ప్లాస్టిక్ తలుపుని ఎంచింది మఫ్తునానే, ఆ పాత నల్ల తలుపు వద్దు బాబూ, సమాధి తలుపులా ఉంది అని పక్కన మూడు నవ్వు బొమ్మలు పెట్టింది కూడా తనే, పీకిన మల్బరీ ద్వారబంధం పెరట్లో గోడకి ఆనించి ఉందట, పెళ్లి పొద్దున నాలుగొందల మంది పలావుకి కట్టెలు చాలకపోతే వంట పెద్ద హమ్రో తాత దాన్ని గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టాడట, ఆ హడావిడిలో చూసినవాళ్లు లేరట, చూసినవాళ్లకి గుర్తు లేదట.

నువ్వు చదువుకున్నదానివి, మాటకారివి, సాయంత్రం ఆరింటి రైలు దాకా దాన్ని ఊరంతా తిప్పు, తలుపు మాటొస్తే మాట మార్చు, ఇంట్లో నీ గది ముందు తెర కడతాను, చిల్లా అంటాను, పెళ్లైన నలభై రోజులు కొత్త జంట గది పరాయి కళ్లు చూడకూడదని దానికీ తెలుసు, అని అత్తగారు ఏర్పాటు చేసేసింది, పొద్దున ఖోలా రానే వచ్చింది, చిన్న చక్రాల పెట్టె, మోకాళ్ల నొప్పులు, గుమ్మంలోనే ముకద్దస్ మెడ పట్టుకుని దూడలా ఏడ్చి, వెంటనే నవ్వి, ఒసే ఎంత లావయ్యావే, ఈ పేట రొట్టెలన్నీ నువ్వే తిన్నావా అంది, తినక, నువ్వు వదిలిపోయిన వాటా కూడా తిన్నాను అంది అత్తగారు, చేతులు కడుక్కుందురు గాని అని మఫ్తునా తువాలు తేవడానికి లోపలికెళ్లి వచ్చేసరికి ఖోలా వాకిలికి అవతల, పువ్వులు కుట్టిన పెళ్లి తెర దగ్గర, గోడకి ఆనించిన కుడి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, రాత్రంతా రైలు ప్రయాణం, కళ్లు తిరిగి ఉంటాయి, వాంతి వస్తోందేమో అని మఫ్తునా కుర్చీ తెచ్చింది, నిమ్మకాయ తెచ్చింది, ఏం లేదు బిడ్డా, ఏం లేదు, పద, నీ పేట చూపించు అంది.

నీ పేట అంది, నా పేట అనలేదు, అప్పుడు అదేం పట్టలేదు మఫ్తునాకి, బయటపడితే చాలనుకుంది, కానీ కాలేజీలో భూగోళం చదివి ప్రపంచంలోని నదులన్నీ ఒప్పజెప్పగల పిల్ల ఈ మట్టిగోడల సందుల్లో మాత్రం ఇప్పటికీ దారి తప్పుతుంది, రెండో మలుపులోనే తప్పింది, ఖోలా తప్పలేదు, ఇటు బిడ్డా, ఇక్కడ ఉప్పు నూరేవాళ్లు, అదిగో ఆ అరుగు మీద నేనూ మీ అత్తా ఎముకలాట ఆడేవాళ్లం, అది ఎప్పుడూ దొంగాటే, ఓడిపోతే ఎముకని నోట్లో దాచుకునేది అంటే మఫ్తునాకి నవ్వాగలేదు, అంత గంభీరంగా పొద్దున్నే చీపురు చేతికిచ్చి వీధి ఊడ్పించే అత్తగారు గొర్రె ఎముకని బుగ్గన పెట్టుకోవడమా, సాయంత్రం ఇల్హోంకి చెప్పాలి, పడీపడీ నవ్వుతాడు, నవ్వితే అతని ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది, ఆ కన్ను గుర్తొచ్చి ఒళ్లంతా వెచ్చబడింది, ఒక నిమిషం పొయ్యి మరిచిపోయింది, కమ్మరి దుకాణంలో కొంగ ఆకారంలో ఉన్న కత్తెరలు చూసి చిన్నపిల్లలా ఎగిరింది, ఖోలా, చూడండి, ముక్కే కత్తి, నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టం ఇదే అంది, ఖోలా కత్తెర తీసుకుని టక్ టక్ అని మూసింది, మా ఇంటి ఎదురుగా బురుజు మీద ఇవి నిజంగా ఉండేవి, పొద్దున్నే ముక్కులు ఇట్లాగే చప్పుడు చేసేవి, కాలవలెండాక ఎగిరిపోయాయట కదా, ఇప్పుడేం లేవా అంది, ఉన్నాయి ఖోలా, గూటిలో రెండున్నాయి అని మఫ్తునా ఉత్సాహంగా వేలు చూపించి, అవి బొమ్మలని మరుక్షణం గుర్తొచ్చి వేలు మడుచుకుంది, పర్లేదులే, బొమ్మలైనా కొంగలే కదా అని ఖోలా నవ్వింది, ఆ నవ్వులో తప్పు పట్టడం లేదు, అదే భయం వేసింది.

చెప్పేస్తే పోదా, ఈ మలుపు దాటాక చెప్పేస్తాను, ఆ నల్ల గేటు దాటాక, టీ తాగాక, ఎన్ని గేట్లు దాటినా నోరు రాదు, ఇంతలో ఖోలా తనే ఎత్తుకుంది, మా నాన్న దర్జీ, పొద్దున పనికి పోతూ నన్ను చంకనెత్తుకుని గాడి దగ్గర పెట్టేవాడు, ముట్టుకో మజోల్ అనేవాడు, ఏడేళ్లొచ్చినా నాకు అందేది కాదు, పొట్టిదాన్ని, ఎప్పుడూ ఎత్తుకుంటేనే ముట్టుకున్నాను, నా కాళ్ల మీద నేను నిలబడి ముట్టుకోలేదు, అంతే, ఇంకేం లేదు, ఆ ఒక్క పని మిగిలిపోయింది అంది, వాన పడేట్టుందా అన్నట్టు మామూలుగా అంది, మఫ్తునా ఏం చెయ్యగలదు, బూడిదని పెరట్లో గులాబీ మొదళ్లకి తనే పోసింది, రెండు తట్టలు, పాడుకుంటూ పోసింది, బూడిదలోంచి ద్వారబంధం తియ్యడం ఏ కాలేజీలో నేర్పుతారు, అప్పుడే ఇల్హోం ఫోన్లో అడిగాడు, నా చందమామా, అతిథి సంతోషంగా ఉందా అని, చాలా అని రాసింది, ఆ ఒక్క మాట మూడుసార్లు తప్పు పడింది.

టీ కొట్లో ఉండకూడని మనిషే ఉన్నాడు, హమ్రో తాత, గంగాళమంత పొట్ట, వంగి సలాం చేస్తుంటేనే, రా రా పొగ లేని పెళ్లికూతురా అని అరిచాడు, అమ్మా, మీరెవరో గాని ఈ పిల్ల పెళ్లి పలావు తినాల్సింది, యాభై ఏళ్లుగా వండుతున్నాను, అట్లాంటి మంట చూళ్లేదు, ఆ కట్టె ఎక్కడిదో తెలుసా అన్నాడు, అంతే, మఫ్తునా చేతిలోని టీ కూజా దానంతటదే వంగిపోయింది, వేడి టీ తాత మోకాలి మీద, అబ్బా అని ఆయన లేచాడు, కొట్టంతా నవ్వింది, కొత్త కోడలు వంటవాణ్ణే వండేస్తోందిరోయ్ అన్నారెవరో, తాతా క్షమించు తాతా అని తుడుస్తోంది, ఏడుపొస్తోంది, ఖోలా మెల్లిగా ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూచోబెట్టి, నోట్లో కలకండ ముక్క పెట్టి, పెద్దాయనా, ఎంతమంది తిన్నారు అని అడిగింది, నాలుగొందల ఇరవై, ఒక్క మెతుకు మిగల్లేదు, అందరూ దీవించారు అన్నాడాయన మోకాలు ఊదుకుంటూ, నాలుగొందల ఇరవై అని ఖోలా తనలో తను అనుకుంది, మళ్లీ ఒకసారి అనుకుంది, గిన్నెలో టీ అడుగు దాకా తాగింది.

ఐదు దాటింది, మట్టిగోడలు కాల్చిన రొట్టె రంగుకి తిరిగాయి, ఆఖరి సందు, ఇక ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు తెర తియ్యమంటుంది, అడిగే ముందే చెప్పాలి, ఖోలా, ఆ తలుపు, అని మొదలుపెట్టింది, మొదలుపెట్టింది నిజంగానే, నీ జూకాలు ఎంత బావున్నాయే, అతను కొన్నాడా మీ అమ్మ పెట్టిందా అని ఖోలా చటుక్కున ఆగి చెవి పట్టుకుని చూసింది, ఇల్హోం కొన్నాడు అని చెప్పి మఫ్తునా సిగ్గుపడింది, సిగ్గుపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, ఇంటికొచ్చారు, కారు వచ్చేసింది, అత్తగారు రొట్టెల మూటతో ఎదురొచ్చి ఖోలా కళ్లలోకి చూడకుండా మూట ముడి మళ్లీ మళ్లీ బిగిస్తోంది, ఖోలా తెర వైపు చూడలేదు, అడగలేదు, అది కట్టిందెవరికో అన్నట్టు ఒక్కసారైనా చూడలేదు, ముకద్దస్‌ని వాటేసుకుంది, దొంగా, బుగ్గలో ఏం దాచావే అని ఏడిపించింది, అత్తగారి మొహం తెల్లబోయింది, కారెక్కబోతూ మఫ్తునా తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టి చెవిలో, హాయిగా ఉండు బిడ్డా, గది వెచ్చగా ఉంటుందిలే, మా అమ్మ ప్రతి చలికాలం ఆ తలుపు సందుల్లో గుడ్డ పీలికలు కుక్కి కుక్కి విసిగిపోయేది, ఇది బాగా మూసుకుంటుంది, గాలి చొరదు, అంది.

కారు మలుపు తిరిగిపోయింది, ఇది అంది, ఇది బాగా మూసుకుంటుంది అంది, ఎప్పుడు చూసింది, మఫ్తునా వాకిలి దాటి తెర దగ్గరికి వచ్చింది, పొద్దున ఖోలా నిలబడ్డ చోటే నిలబడింది, కుడి చెయ్యి చాపింది, గోడ అందలేదు, తెర అంచు కదిలి చేతికి తగిలింది ప్లాస్టిక్ చట్రం, భుజమంత ఎత్తున, నున్నగా, చల్లగా, వేలు దూరే చోటే లేకుండా, పొద్దున ఖోలాకి కళ్లు తిరగలేదు, వాంతి రాలేదు, తన కాళ్ల మీద తను నిలబడి ముట్టుకుని వేళ్లు నోటికి ఆనించుకుంది, దేన్ని ముట్టుకుందో తెలిసే ఆనించుకుంది, వచ్చిన పని పొద్దున తువాలు తెచ్చేలోపే అయిపోయింది, అయినా మోకాళ్లు లాగుతున్నా సాయంత్రం దాకా తిరిగింది, కొంగ కత్తెరకి నవ్వింది, తాత నోరు మూయించింది, జూకాలు మెచ్చుకుంది, వంటింట్లోంచి అత్తగారు గొంతు తగ్గించి, పిల్లా, దానికి తెలియలేదు కదే అని అడుగుతోంది, రోజంతా తను ఆవిణ్ణి తిప్పలేదు, ఆవిడే తనని తిప్పింది, పెళ్లై ఇరవై మూడు రోజులే అయిన పిల్ల సంతోషం మీద మసి పడకుండా చెయ్యి అడ్డం పెట్టి ఊరంతా నడిపించి తెచ్చి ఇంటి దగ్గర దింపి పోయింది, దానికి బదులుగా ఇవ్వడానికి మఫ్తునా దగ్గర ఏమీ లేదు, ఎప్పటికీ ఉండదు, ఒక్క అబద్ధం తప్ప, లేదత్తా, ఏమీ తెలియలేదు, అంది.