కర్చీఫ్ వేసిన చోటు

పొద్దున్న ఏడింటికి అవనిగడ్డ నుంచి వచ్చే బస్సు చల్లపల్లి స్టాండులోకి తిరిగేసరికే సగం నిండిపోయి ఉంటుంది. మిగతా సగం కోసం అక్కడ జరిగే తోపులాట గురించి చెప్పక్కర్లేదు, మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కే ఉంటారు. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి సంచులు, తువ్వాళ్లు, టిఫిన్ బాక్సులు లోపలికి వెళ్లిపోతుంటాయి, ఒకోసారి చంటిపిల్లలు కూడా. దీవెన మాత్రం ఆ గుంపులోకి వెళ్లదు. వెనకాల నిలబడి, బ్యాగులోంచి వంగపువ్వు రంగు కర్చీఫ్ తీసి, ఎడమవైపు నాలుగో కిటికీలోకి ఒక్క విసురు విసిరి, అందరూ ఎక్కాక తాపీగా ఎక్కుతుంది. పదకొండేళ్లుగా ఆ సీటు ఆమెదే.

ఆ కర్చీఫ్ ఉన్న సీట్లో ఎవరూ కూర్చోలేరు. కూర్చోకూడదని కాదు, కూర్చోబోయేసరికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. ఒకావిడకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. ఒకాయనకి బావమరిదికి చెయ్యాల్సిన ఫోన్ గుర్తొస్తుంది. సగం వంగినవాళ్లు వంగినట్టే లేచి, జేబులో ఫోన్ వెతుక్కుంటూ వెనక్కి వెళ్లిపోతారు. కండక్టర్ మాణిక్యం కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తాడు. "అక్కడ దీవెన గారి కర్చీఫ్ ఉందమ్మా, వెనకాల చూసుకోండి." వాళ్లూ సరేనంటారు. ఎవరి కర్చీఫ్ వేస్తే వాళ్లదే సీటు, ఆ న్యాయం మా వైపు పుట్టినవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. దీవెన దాన్ని మూడు కర్చీఫ్‌ల సెట్‌లో కొంది. మిగతా రెండూ మామూలువే, చెమట తుడుచుకోవడానికి పనికొస్తాయి.

ఇంతకీ ఆ సీట్లో కూర్చుని దీవెన చేసే ఘనకార్యం ఏంటంటే, ఏమీ లేదు. బయటికి చూస్తుంది. కూచిపూడి దాటాక చేలో నిలబడ్డ కొంగలకి తలా ఒక ఉద్యోగం ఇస్తుంది, ఇది స్కూలు ఇన్‌స్పెక్టరు, అది కరెంటు మీటరు చూసే ఆయన అని. పామర్రు సెంటర్లో గాజుల కొట్టు బోర్డు మీద నవ్వే అమ్మాయికి ఈపాటికి పెళ్లయి ఉంటుందా, అయితే అత్తగారు ఎలాంటిదో అని ఆలోచిస్తుంది. ఉయ్యూరు దగ్గర చెరకు లారీ అడ్డమొచ్చి బస్సు ఆగితే, జీవితంలో ఒక్క చెంపదెబ్బ కొట్టే అవకాశం వస్తే ఎవర్ని కొట్టాలా అని తీరిగ్గా జాబితా వేస్తుంది. కంకిపాడు దగ్గర కాలువ పక్కకి వచ్చేసరికి ఆ జాబితా మర్చిపోతుంది. కొందరికి వీణ ఉంటుంది, కొందరికి అల్లికలు, కుట్లు ఉంటాయి. ఆమెకి ఇదే ఉంది. విజయవాడ పటమటలో దిగి, సహకార బ్యాంకు కౌంటర్ వెనక కూర్చునేదాకా ఆ గంటన్నరా ఆమెని ఎవరూ ఏమీ అడగరు.

ఇంట్లో అలా కుదరదు. ఇల్లంటే చల్లపల్లిలో అద్దెకుంటున్న రెండు గదుల ఇల్లు. భర్త జోయెల్ ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తాడు. మామగారు బాలశౌరి రిటైరైన హెడ్మాస్టరు. అత్తగారు అమలమ్మ, ఎనిమిదేళ్ల కూతురు జెమీమా. అందరూ మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే తలుపేసుకుని కూర్చోవచ్చు. "దీవెనా, నా చార్జర్ చూశావా?" "అమ్మాయ్, నేను బీపీ బిళ్ల వేసుకున్నానా?" "మమ్మీ, డైనోసార్లకి చెవులుంటాయా?" ఆమె బాత్రూములో ఉన్నా సరే, తలుపు బయట నిలబడి అడుగుతారు, ప్రేమగానే.

ఆ ప్రేమతోనే జోయెల్ ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాడు. "ఇంక నువ్వు బస్సుల్లో నలగక్కర్లేదు. పటమటలో ఫ్లాట్ చూశాను. మీ బ్యాంకుకి నడిచి ఐదు నిమిషాలు."

దీవెన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"సంతోషంతో మాట రావట్లేదు అమ్మాయికి," అన్నాడు బాలశౌరి.

"ఇప్పుడెందుకండీ. నాకు అలవాటైపోయింది," అంది దీవెన.

"అలవాటైపోయిందని ఎన్నాళ్లు చస్తావు? రోజుకి మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఇంక మాతోనే ఉండొచ్చు," అన్నాడు జోయెల్.

ప్రాణంలా చూసుకునేవాళ్ల ముందు కూర్చుని, రోజు మొత్తంలో నాకు బాగా ఇష్టమైంది మీరు లేని ఆ గంటన్నరే అని ఎలా చెప్తారు? మీరైనా చెప్పలేరు. దీవెన "మీ ఇష్టం" అని, మజ్జిగ పోసుకుంది.

ఫ్లాట్ ఓనరు వెంకటప్పయ్య గారు అందరితోనూ మర్యాదగా మాట్లాడి ఎవరికీ మాటివ్వని మనిషి. "ఆదివారం ఇంకో నాలుగు కుటుంబాల వాళ్లు చూసుకోవడానికి వస్తామన్నారండి. సోమవారం చెప్తాను," అన్నాడు. ఇల్లు చేజారిపోతుందని జోయెల్‌కి బెంగ పట్టుకుంది. శనివారం పొద్దున దండెం మీద ఆరేసిన వంగపువ్వు రంగు కర్చీఫ్ కనపడగానే అతనికి మహా గొప్ప ఆలోచన వచ్చింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని జేబులో పెట్టుకుని పటమట వెళ్లి, ఇంకోసారి చూసుకుంటానని తాళం అడిగి, ఖాళీ హాలు మధ్యలో దాన్ని పరిచి వచ్చాడు.

ఆదివారం వచ్చినవాళ్లందరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఒకావిడకి కుక్కర్ గుర్తొచ్చింది. కొత్తగా పెళ్లయిన జంటకి సగంలో ఆగిన గొడవ ఒకటి గుర్తొచ్చి, మెట్లు దిగుతూనే మొదలెట్టారు. ఒకాయనకైతే గుణదలలో తనకి సొంతిల్లు ఉన్న సంగతే గుర్తొచ్చింది. సోమవారం వెంకటప్పయ్య గారు ఫోన్ చేసి, "ఇల్లు మీకేనండి, ఇంకెవరూ లోపలికి కూడా వెళ్లలేదు," అన్నాడు.

అదే సోమవారం పొద్దున స్టాండులో దీవెన బ్యాగంతా దేవులాడుకుని, ఇక దొరక్క, సెట్‌లో రెండో కర్చీఫ్ విసిరింది. ఎక్కి చూస్తే దాని మీద ఒక పెద్దాయన హాయిగా కూర్చుని ఉన్నాడు. "ఇది మీదామ్మా?" అని కొంచెం పైకి లేచి, కింద నుంచి లాగి మర్యాదగా ఇచ్చాడు. కంకిపాడు దాకా నిలబడే వెళ్లింది. నిలబడితే కిటికీలోంచి రోడ్డు పక్క మట్టి తప్ప ఏమీ కనపడదు. ఎవరిదో క్యారియర్ మోకాలికి కొట్టుకుంటూ ఉంటే ఒక్క ఆలోచన కూడా రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే జోయెల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "దాన్ని ఇంటికి వేశాను. ఫ్లాట్ మనదే. మనం దిగేదాకా అక్కడే ఉండనీ." అది విని దీవెనకి ఏడుపొచ్చేసింది. ఆనందంతో అనుకుని జోయెల్‌కి కూడా కళ్లు చెమర్చాయి. పక్కనే వంకాయలు తరుగుతున్న అమలమ్మ మాత్రం కోడలి మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ వంకాయల పనిలో పడింది.

రెండో శనివారం బ్యాంకుకి సెలవని ఆ రోజు కొత్తింట్లోకి దిగారు. అప్పటికి ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేశారు, జెమీమాని పటమటలో స్కూల్లో చేర్చేశారు. సామాను వేన్ కింద ఆగింది. ఇంటి కోసం ప్రార్థన చెయ్యడానికి ఫాదర్ గారొచ్చారు. జోయెల్ తలుపు తీసి, "రండి ఫాదర్," అన్నాడు. ఫాదర్ గారు గుమ్మంలో కాలు పెట్టబోయి, "అరె, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి వచ్చేశానే," అని రెండడుగులు వెనక్కేశారు. బాలశౌరికి బీపీ బిళ్ల గుర్తొచ్చింది, నిజంగానే వేసుకోలేదు. జెమీమాకి హోంవర్క్ గుర్తొచ్చి, అలాంటిది ఎక్కడైనా జరుగుతుందా, మెట్ల మీద కూర్చుని గుణకారాలు మొదలెట్టింది. జోయెల్ మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ ఆఫీసుకి పంపాల్సిన మెయిల్ గుర్తొచ్చింది. సోఫా మోసుకొచ్చిన ఇద్దరు కూలీలు దాన్ని కారిడార్లో దింపి, దాని మీదే కూర్చుని ఇళ్లకి ఫోన్లు చేసుకున్నారు.

"కర్చీఫ్ దీవెనది కదరా. దానికే చోటు," అంది అమలమ్మ, పాలగిన్నె పట్టుకుని. "వెళ్లి తీసెయ్ అమ్మాయ్, మేం వస్తాం."

దీవెన లోపలికి వెళ్లింది. ఆమెకి ఏమీ గుర్తు రాలేదు. ఖాళీ హాలు, కిటికీలోంచి ఎండ, మధ్యలో కర్చీఫ్. ముప్ఫై ఆరేళ్లొచ్చినా ఒక ఇంట్లో తనొక్కతే ఉండడం అదే మొదటిసారి. పుట్టింట్లో ముగ్గురు చెల్లెళ్లు, తర్వాత హాస్టలు, ఆ తర్వాత అత్తగారిల్లు. కర్చీఫ్ తియ్యడానికని వంగి, దాని పక్కనే చతికిలబడింది.

"తీశావా?" అన్నాడు జోయెల్ బయట్నుంచి.

"ఒక్క నిమిషం."

ఆ నిమిషం గంట దాటింది. ఎదురు డాబా మీద ఆరేసిన పూల లుంగీ ఎలాంటి మనిషిదై ఉంటుందా అని ఆలోచించింది. పిట్టగోడ మీద పావురానికి రిజిస్ట్రారాఫీసులో ఉద్యోగం వేయించింది. బయట ఫాదర్ గారు కారిడార్లోంచే ప్రార్థన చేసి, గుమ్మం మీద తీర్థం చల్లి, ఫోన్ కోసం వెళ్లిపోయారు. దీవెనకి ఒక పక్క హాయిగా ఉంది, ఇంకో పక్క భయంగా ఉంది. ఇది తీసేస్తే మళ్లీ ఎప్పుడు ఇలా కూర్చుంటానో అనుకుంది. అప్పుడు లేచి, గుమ్మం దాకా వచ్చి, లోపలి వైపే నిలబడింది.

"తీస్తాను గానీ, ముందొక మాట. నాకు బస్సు కావాలండి."

"ఏ బస్సు?" అన్నాడు జోయెల్.

"రోజూ ఎక్కే బస్సు. ఆ కిటికీ పక్కన కూర్చుంటే నన్నెవరూ ఏమీ అడగరు. పిచ్చి పిచ్చివన్నీ ఆలోచించుకుంటాను. అది లేకపోతే నాకు ఊపిరాడదు."

జోయెల్ మొహం చిన్నబోయింది. "అంటే మేమంటే విసుగా నీకు?"

"విసుగయితే ఎప్పుడో అరిచేదాన్ని. మీరు బాధపడతారనే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా."

బాలశౌరి గొంతు సవరించుకున్నాడు. "అక్కడ ఇల్లు ఖాళీ చేసేశాం. పిల్ల స్కూలు ఇక్కడ. బ్యాంకు పక్క వీధిలో ఉంటే బస్సెక్కి ఎక్కడికెళ్తావమ్మా?"

"చల్లపల్లికి," అంది దీవెన. గంటసేపు ఊరికే కూర్చుంటే వచ్చిన ఆలోచన అది. "అక్కడ మా బ్రాంచి ఉంది కదా మావయ్యా. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటాను."

సోఫా మీది కూలీల్లో ఒకతను ఫోన్‌లో భార్యతో, "ఉండవే, మళ్లీ చేస్తా," అన్నాడు.

జోయెల్ ఏదో అనబోయాడు గానీ అమలమ్మ అననివ్వలేదు. "దానికి కావాలంటోంది. పోనీరా. ఇక్కడ పాలు విరిగిపోయేలా ఉన్నాయి."

జోయెల్ భార్య వైపు తిరిగాడు. "నాతో ముందే చెప్పుంటే ఈపాటికి నేనే పెట్టించేవాణ్ణి," అన్నాడు, ఇంకా కొంచెం ఉక్రోషంగానే. దీవెన వెళ్లి కర్చీఫ్ తీసింది. అందరూ లోపలికొచ్చారు.

బ్యాంకులో మేనేజర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, "అక్కణ్ణుంచి ఇక్కడికి కదమ్మా మీరు అడగాల్సింది?" అన్నాడు. చల్లపల్లి బ్రాంచిలో రామకోటేశ్వరరావు గారు ఆరేళ్లుగా విజయవాడ రావడానికి పట్టుకోని కాళ్లు లేవు. ఇద్దర్నీ అటూ ఇటూ మార్చడం పది రోజుల్లో అయిపోయింది. ఆయన ఇంటికి స్వీట్ బాక్సు పట్టుకొచ్చి, దీవెనకి చేతులు జోడించి, జోయెల్‌ని పక్కకి పిలిచి మేడమ్ గారి ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగి వెళ్లాడు.

పొద్దున విజయవాడ నుంచి అవనిగడ్డ వెళ్లే బస్సు సగం ఖాళీ. ఏ కిటికీ కావాలంటే ఆ కిటికీ. కర్చీఫ్ బ్యాగులోనే ఉండిపోయేది. వారం గడిచాక, వంటింట్లో ఇంకెవరూ లేకుండా చూసి అమలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"అది నీకిప్పుడు అవసరం పడట్లేదు కదా?"

"ఏది అత్తయ్యా?"

"కర్చీఫ్."

దీవెన ఆవిడ వంక చూసింది. పదకొండేళ్లూ పొద్దున్నే "అత్తయ్యా, నా బాక్స్ సర్దేశారా" అని అడిగి, అది పట్టుకునే బస్సెక్కింది తను. కొంగల గురించీ, గాజుల కొట్టు బోర్డు గురించీ ఆలోచించింది గానీ ఆ బాక్స్ సర్దే మనిషి సంగతి ఒక్కరోజూ తట్టలేదు. సిగ్గేసింది. బ్యాగు తెచ్చి కర్చీఫ్ ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇంక మీదే అత్తయ్యా. ఇచ్చేశాను."

మర్నాడు సాయంత్రం ఐదున్నరకి అమలమ్మ బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ మీద దాన్ని పరిచి, పైన కూర్చుని, కాళ్లు చాపుకుని, రోడ్డు వైపు తిరిగింది. పది నిమిషాలకి బస్సులో ఉన్న దీవెనకి జోయెల్ ఫోన్ చేశాడు.

"టీ పొడి ఎక్కడుంది?"

"అత్తయ్యనడగండి."

"అడుగుదామనే వెళ్తున్నా. బాల్కనీ దగ్గరికి వెళ్లేసరికి మెయిల్ గుర్తొస్తోంది."

"మావయ్య?"

"ఆయన వెళ్లినప్పుడల్లా బిళ్ల వేసుకోబోతున్నాడు. నేనే ఆపాను."

"అయితే వెతుక్కోండి," అని దీవెన ఫోన్ పెట్టేసింది.

జోయెల్ వెతికాడు. ఆరు డబ్బాలు తీసి చూశాక ఏడో దాంట్లో టీ పొడి దొరికింది. పాలు పొయ్యి మీద ఒకసారి పోసి, గిన్నెలో ఒకసారి పోసి, మొత్తానికి టీ పెట్టాడు. గ్లాసు పట్టుకుని బాల్కనీ దాకా వెళ్లాడు, అక్కడ మెయిల్ గుర్తొచ్చి, ఆ ధ్యాసలో తనే తాగేశాడు. మళ్లీ పెట్టాడు. అది బాలశౌరి పట్టుకెళ్తానని పట్టుకెళ్లి తాగేశాడు. మూడోసారి పెట్టి, గ్లాసు బాల్కనీ గుమ్మంలో నేల మీద ఉంచి, దూరంగా నిలబడి, బండలు తుడిచే కర్రతో మెల్లగా ముందుకి తోశాడు.

గ్లాసు జారుతూ వెళ్లి అమలమ్మ పాదం దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని అందుకుని ఒక గుక్క తాగింది. నలభై రెండేళ్ల కాపురంలో, ఒంట్లో బాగోలేనప్పుడు కాకుండా, ఇంకొకరు పెట్టి ఇచ్చిన టీ ఆవిడకి అదే మొదటిది. పంచదార ఎక్కువైంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. కింద రోడ్డు మీద ఆటోలోంచి ఎవరో సగం బయటికొచ్చి పాత బీరువా ఒకటి పట్టుకుని వేలాడుతూ వెళ్తున్నాడు. ఆ బీరువాలో ఏం ఉండి ఉంటుందా అని ఆలోచిస్తూ మిగతాది నెమ్మదిగా తాగింది.