మాట్లాడని మడి

గరిడేపల్లిలో పొద్దున చాయ్ మరిగేవేళకు ఇంటింటా ఫోన్లు మోగుతాయి. అవి రైతులకు సలహాలు చెప్పే ఫోన్లు. మొదట్లో హైదరాబాదు నుంచి ఒక పిల్ల గొంతు వచ్చేది. వాన పడుతుందనో, యూరియా ఆపమనో చెప్పేది. తర్వాత ఆ గొంతు తప్పుకుంది. ఎవరి పొలంలో ఎవరిని బొందపెట్టారో వాళ్ళే మాట్లాడసాగారు. పొలం సంగతి పొలంలో ఉన్నవాళ్ళకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ముత్తయ్యకు వాళ్ళ నాయన చెప్పేవాడు. సత్తయ్యకు వాళ్ళ వదిన చెప్పేది. చచ్చినా ఆమె నోరు తగ్గలేదు. "గట్టు మీద గడ్డి కొయ్యవా, సోమరిపోతా?" అని స్పీకర్లో తిడుతుంటే వాడకట్టంతా నవ్వుకునేది.

నర్సింహ ఫోన్లో మాత్రం ఇంకా హైదరాబాదు పిల్లే. వాళ్ళ నాయన మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేస్తూ పోతే అక్కడే మట్టి చేశారు. ఈ మడి ఆ తర్వాత కొన్నది. అందులో ఎవరూ లేరు. పోయిన వానాకాలం వరికి సుడిదోమ వచ్చినప్పుడు అందరికీ వాళ్ళ పెద్దలు ముందే చెప్పారు. పిల్ల "జిల్లాలో అక్కడక్కడ" అన్నది. నర్సింహ వరి నిలువునా ఎండిపోయింది. ఈ యాసంగి పంట కూడా పోతే మడి అమ్ముకొని తనూ మిల్లుకు పోవాల్సిందే.

"నేను పోతే గీ మడిలనే పెట్టు బిడ్డా. రోజూ చెప్త," అనేది తల్లి అచ్చమ్మ.

"పొద్దుగాల్నే గదేం ముచ్చటే? చాయ్ తాగు."

"నీ పెళ్ళాం చాయ్ తాగుడు కంటె గదే నయం."

"ఇంటున్న అత్తా!" అనేది లోపలినుంచి అలివేలు.

ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి నీళ్ళు చూడటానికి ఎప్పటిలాగే అచ్చమ్మే ముందు బయలుదేరబోయింది. ఆమె మడిలోకి చెప్పులతో దిగదు, గట్టు మీదే విడుస్తుంది. అన్నం పెట్టే తల్లిని చెప్పులతో తొక్కకూడదని ఆమె పట్టు. గడప మీద కూర్చొని చాయ్ ఆఖరి గుక్క ఊదుకుంటుండగా ఫోన్ మోగింది. నర్సింహ చెవికి పెట్టుకున్నాడు.

"బిడ్డా, గాలికి కరెంటు తీగ తెగి మడిల పడ్డది. నేను సూడక కాలు పెట్టిన."

అమ్మ గొంతు. అమ్మ ఎదురుగానే ఉంది. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది.

"ఎవరురా?"

"హైదరాబాదు పిల్ల."

"మరి మొఖం గట్లెందుకైంది? ఇటియ్యి."

అచ్చమ్మ ఫోన్ లాక్కుంది. ఫోన్లో గొంతు ఆగలేదు. తూర్పు మూల వరి దుబ్బుల మొదట్లో దోమ చేరిందట, నీళ్ళు తీసి మడి ఆరబెట్టమంటోంది. అచ్చమ్మ కళ్ళు మూసుకొని విన్నది. మెల్లగా నవ్వింది.

"నేనే. ఎంత మంచిగ చెప్తున్ననో సూడు." గ్లాసు కింద పెట్టి లేచింది. "పోత బిడ్డా. మన మడికి నోరొస్తది."

నర్సింహ ఆమె కాళ్ళకు చుట్టుకున్నాడు. "మడి పోతే పోనీ అమ్మా! నువ్వు పోకు!"

అలివేలు ఉరికొచ్చి తలుపు గొళ్ళెం పెట్టింది. ఫోన్లోంచి అచ్చమ్మ పిలుస్తూనే ఉంది. ఇంట్లో అచ్చమ్మ "వస్తున్న, వస్తున్న," అని జవాబిస్తూనే ఉంది. కొడుకు పట్టు వదల్లేదు. కాసేపటికి ఫోన్లో గొంతు సన్నబడి, నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది.

అలివేలు తన ఫోన్ నుంచి లైన్‌మన్‌ను పిలిచింది. అతను కరెంటు తీయించాక ముగ్గురూ మడికి పోయారు. తెగిన తీగ పక్కన తెల్లటి కొంగ ఒకటి రెక్కలు పరిచి పడి ఉంది.

"నా జాగల నువ్వొచ్చినవా తల్లీ," అన్నది అచ్చమ్మ. తూర్పు మూలలో గుంత తీసి, పసుపు కుంకుమ చల్లి, దాన్ని అక్కడే పెట్టారు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. పిల్ల లేదు, అమ్మ లేదు. బురదలో సన్నటి కాళ్ళు ఒక్కొక్కటే తీసి వేస్తున్న చప్పుడు. కొంత దూరం నడిచి ఆగింది. ముక్కుతో రెండుసార్లు పొడిచింది.

అచ్చమ్మ చెవి పెట్టి విన్నది. "పడమటికి పోయింది. దోమ గా దిక్కుకు పాకింది, నడువు."

పోయి చూస్తే దుబ్బుల మొదట్లో దోమ ఉంది. ఆ యాసంగి నర్సింహ వడ్లు ఇంటికొచ్చాయి.

అచ్చమ్మ మాత్రం కొన్నాళ్ళు ముభావంగా ఉంది. "నా జాగ దానికి పాయె," అని ఒక పొద్దున గ్లాసు చాపింది. "ఇగ నీ పెళ్ళాం చాయే దిక్కు నాకు."

ఫోన్లో నడుస్తున్న కాళ్ళు, ఆమె మాట వినడానికన్నట్టు, ఆగాయి.