పొర ఒలవని యంత్రం

మా పెళ్లయి నలభై రోజులు. కొత్త వస్తువుల మీది ప్లాస్టిక్ పొర ఒలవడమంటే మా ఇద్దరికీ పిచ్చి. ఫ్రిజ్ పొర ఆయన ఒలిచారు, మిక్సీ పొర నేను ఒలిచాను. పొయ్యి దగ్గర పోట్లాడుకుని చెరో మూలా పట్టుకుని లాగాం.

ఆయన శిక్షణ కేంద్రంలో మాస్టారు. ముప్పై ఏళ్లుగా ఇనుము చెక్కే లేత్ మీద పనిచేస్తున్న మా నాన్న ఆయన దగ్గరే విద్యార్థి. నాన్న ఫ్యాక్టరీలో లేత్‌లు తీసేసి కంప్యూటర్ యంత్రాలు పెడుతున్నారు. ఫ్యాక్టరీలో పెట్టే పరీక్షలో ఆ యంత్రం నడిపి చూపించినవాళ్లకే ఉద్యోగం.

నెలరోజులుగా క్లాసు అయ్యాక నాన్న మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్లేవాడు. చేతులకు నూనె మరకల్లేవు, సబ్బు వాసన.

“దొరబాబులా ఉన్నావు నాన్నా!”

“తెర మీద బొమ్మలు నొక్కడమేగా తల్లీ. అసలు యంత్రాన్ని ఎప్పుడు ముట్టుకోనిస్తావు అల్లుడూ?”

“తెర మీద వస్తే యంత్రం మీదా వచ్చినట్టే, మామయ్యగారూ.”

శిక్షణ ముగిసిన రోజు, అల్లుడు సంతకం చేసిన సర్టిఫికెట్‌ను నాన్న చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఆయనకు క్యారేజీ పట్టుకుని, చెప్పకుండా కేంద్రానికి వెళ్లాను. వర్క్‌షాపులో యంత్రం తళతళలాడుతోంది. తలుపు అద్దానికి పొర అలాగే ఉంది. వేళ్లు ఊరుకోక అంచు లేపాను. అప్పుడు చూశాను. నేల మీద నూనె చుక్క లేదు, ఇనుప రజను లేదు.

బల్ల మీద రిజిస్టరు. నాన్న వరుసలో ‘యంత్రం మీద నూట ఇరవై గంటలు’. కింద, మా పెళ్లి ఫోటో వెనక పెట్టిన అదే వంకర సంతకం.

అప్పుడే ఆయన లోపలికొచ్చారు. “ఏంటండీ ఇది?”

ఆయన క్యారేజీ వంక చూశారు. “దీనికి కరెంటు లైనే రాలేదు. అందరికీ గంటలు రాసెయ్యమన్నారు పైవాళ్లు.”

“నాన్నకైనా చెప్పాల్సింది కదా!”

“చేయి తిరిగిన మనిషి, ఎలాగో నెట్టుకొస్తారనుకున్నా.”

సాయంత్రం నాన్న వచ్చాడు. టీ ముట్టుకోలేదు.

“యంత్రం ఆన్ చేసే మీట ఎక్కడుందో తెలియలేదమ్మా. సర్టిఫికెట్ చూసి, నూట ఇరవై గంటలు ఏం చేశావయ్యా అని నవ్వారు ఫ్యాక్టరీ వాళ్లు.”

“నువ్వేమన్నావు?”

“వయసు మీద పడింది, మర్చిపోయానన్నాను. ఆ కాగితం కింద మీ ఆయన సంతకం ఉంది కదా.”

గది గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు.

“రేపు మీరు ఫ్యాక్టరీకి వెళ్లి నిజం చెప్పండి,” అన్నాను.

“మరి నా ఉద్యోగం?” అన్నారు. నాన్న ఎదుటే.