పక్కకు పోయే గాలి

విమానాశ్రయంలో ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలో అడిగినవన్నీ శిరీష తడబడకుండా చెప్పింది. చివర ఆమె చేతికి మైకిచ్చి, విమానం ఎక్కేవాళ్లకు చేసే ప్రకటన చదవమన్నారు. "శంషాబాద్ నుంచి విశాఖపట్నం..." అనగానే బల్లకవతల ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. 'స', 'శ' వచ్చిన ప్రతిచోటా మైకులో బుసబుసమని తడిచప్పుడు.

"మూడు నెలల్లో అది సరిచేసుకుని రండి, మళ్లీ చూస్తాం" అన్నారు.

ఇరవై మూడేళ్లలో ఆ మాట ఆమెకెవరూ చెప్పలేదు. సొంతూరు మామిడిపల్లిలో అందరికీ ఆమె పలుకు అలవాటైపోయింది.

ఉచ్చారణ దిద్దే స్పీచ్ థెరపిస్టు కావేరి దగ్గరికి వెళ్తుంటే తల్లి సత్తెమ్మ కూడా వచ్చింది. ఆమె శంషాబాద్ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. కావేరిది కాకినాడ వైపు. ఆమె జ్యూసు తాగే ఒక గొట్టాన్ని శిరీష పళ్ల ముందు పట్టుకుని 'స' అనమంది. ఎదురుగా పెడితే గొట్టం పలకలేదు. ఎడమ పక్కకు జరిపితే బుస్సుమంది.

"గాలి నాలుక నడుమనుంచి రావాలండి, మీకు పక్కలనుంచి పోతోంది. ఇప్పుడు 'ల' అనబోతున్నట్టు నాలుక కొన పైకి ఆనించండి. గొంతు మోగించకుండా గాలి మాత్రం వదలండి."

శిరీష వదిలింది. అచ్చంగా తన 'స'యే వచ్చింది.

"ఇది రోగం కాదు" అంది కావేరి. "బ్రిటన్‌లోని వేల్స్‌లో ఎన్నో ఊళ్ల పేర్లు ఈ ధ్వనితోనే మొదలవుతాయి. దక్షిణాఫ్రికాలో జులూ వాళ్లకుంది. మన మిజోరంలో 'పాట' అనే మాటకు మొదటి హల్లు దాదాపు ఇదే. తెలుగులో మాత్రం దీనికి అక్షరం లేదండి."

స్టూలు మీద కూర్చున్న సత్తెమ్మ ముందుకు వంగింది. "మేడం, నన్ను గూడ జర చూడున్రి."

పేరు చెప్పమంటే చెప్పింది. గొట్టం పక్కనుంచే బుస్సుమంది.

"నా నుంచే అంటుకుందా పిల్లకు?"

"అలా అని చెప్పలేమండి. విని నేర్చుకోవచ్చు, నాలుక దానంతటదే అలా అలవాటు పడనూ వచ్చు."

సత్తెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బస్సెక్కాకే తీసింది.

"చిన్నగున్నప్పుడు నువ్వు ముద్దుగ మాట్లాడుతున్నవనుకున్న" అంది అప్పుడు. "నా మాటనే నాకు మళ్ల వినపడుతుందని తెల్వలే."

"నాకు మాత్రం ఏం తెల్సు అమ్మా" అంది శిరీష.

'త త త' అని గబగబా అంటూ, చివరి 'త'ను సాగదీసి 'స'లోకి దింపాలి. కావేరి చెప్పిన సాధన అది. కూర కట్టలు కడుతూ తల్లీ కూతురూ అదే పని. మూడో వారంలో సత్తెమ్మకు వచ్చేసింది. శిరీషకు రాలేదు. కడుపు మండింది, తల్లి మీద మండినందుకు సిగ్గూ వేసింది.

"ఎట్ల చేస్తున్నవు?" అని చివరికి అడిగింది.

"నాలుక చేట లెక్క పెట్టు. రెండు పక్కల అంచులు లేపి పైపండ్లకు ఆనిచ్చు. ముందట ఇడిచిపెట్టు. గాలి ముందటికెల్లే పోవాలె."

ఆ మాటతో దారి దొరికింది. నాలుగు రోజులకు గాలి ముందుకొచ్చింది.

ఆ వారం మార్కెట్లో తల్లి పక్కన కూర్చున్న శిరీషకు, "సోయకూర, సోయకూర" అని ఆమె కేక పాత బుసతోనే వినిపించింది.

"వచ్చింది గదా, మళ్ల గట్లనే అంటున్నవేంది?"

"కొత్తది వేరేటోళ్ల నోరు లెక్కుంది బిడ్డా. నాకేం మైకున్నదా? నువ్వు మాత్రం ఇడువకు."

గడువుకు పది రోజుల ముందే శిరీష వెళ్లి చదివింది. ఈసారి ఎవరూ మొహాలు చూసుకోలేదు, కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. చేరిన మొదటి నెలలో, బాగా అలసిన రోజొకటి, ప్రకటనలో 'విశాఖపట్నం' అనే మాట దగ్గర నాలుక జారి గాలి పక్కకు పోయింది. వరసలో ఉన్నవాళ్లెవరూ తలెత్తలేదు. శిరీష ఒక గుక్క నీళ్లు తాగి తర్వాతి వాక్యం చదివింది.